ఇంజన్ విప్పితే బయటపడ్డ తప్పులు: గ్యారేజీ యజమానులకూ ప్రభుత్వ అధికారులకూ బహిరంగ లేఖ

ఇంజన్ పని చేసే గ్యారేజీల యజమానులకు, లేత్ వర్క్స్ నడిపేవాళ్లకు, మెకానిక్కుల సంఘాల పెద్దలకు, అలాగే రవాణా శాఖ, వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులకు నమస్కారం.

నేను ఆంధ్రప్రదేశ్‌లో సొంత కారు అద్దెకు తిప్పుకుని బతికే డ్రైవర్ని. నాలుగు సిలిండర్ల డీజిల్ బండి. ఇంజన్ బోరుకొచ్చి, అంటే సిలిండర్లు లోపల అరిగిపోయి, పొగ కొడుతూ ఆయిల్ తాగేస్తుంటే పేరున్న ఒక గ్యారేజీలో ఫుల్ ఇంజన్ పని చేయించాను. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్, బోరింగ్ (సిలిండర్లని లోపల కోసి సాఫు చేయడం), పిస్టన్లు, రింగులు, బేరింగులు (ఇరుసు తిరిగేచోట వేసే చిప్పలు), హెడ్డు (సిలిండర్ల మీది మూత) పని అన్నీ కలిపి లక్ష దాటింది. అందులో సగానికి పైగా వడ్డీకి తెచ్చిన డబ్బు. రెండు నెలలు తిరక్కుండానే ఇంజన్ అడుగు నుంచి టకటకమని చప్పుడు మొదలైంది, ఆ వెంటనే హైవే మీద ఇంజన్ పట్టేసింది, అంటే లోపల బిగుసుకుపోయి తిరగడం ఆగిపోయింది.

గ్యారేజీలో అడిగితే "ఆయిల్ చూసుకోకుండా తోలుంటావు" అన్నారు. డిప్ స్టిక్ మీద ఆయిల్ నిండుగా ఉందని చూపించినా వినలేదు. సంఘం పెద్దల దగ్గరికి వెళ్తే మీరూ మీరూ మాట్లాడుకోండి అన్నారు. రవాణా ఆఫీసులో గ్యారేజీలు మా పరిధిలోకి రావన్నారు, స్టేషన్లో ఇది సివిల్ వ్యవహారం అన్నారు. వాళ్ల రూల్స్ ప్రకారం వాళ్లు చెప్పింది తప్పు కాదు, నిజంగానే ఇది వాళ్లెవరి పనీ కాదు, నా ఫిర్యాదు కూడా అదే. అందుకే అందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. ఒక షాపు మీద కక్షతో రాస్తున్నది కాదు కాబట్టి ఆ గ్యారేజీ పేరు ఎక్కడా రాయడం లేదు.

ముందు ఇంజన్ లోపల ఏం దొరికిందో చెప్పాలి. వేరే ఊళ్లో, ఈ గొడవతో ఏ సంబంధం లేని ఒక పెద్ద మేస్త్రి దగ్గర, నా కళ్ల ముందే, ప్రతి బోల్టూ ఫోన్లో వీడియో తీసుకుంటూ విప్పించాను.

1. ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే ఛాంబర్ దించగానే స్ట్రైనర్ కనపడింది. ఆయిల్ పంపు ఛాంబర్లోని ఆయిల్ లాక్కునే గొట్టం చివర ఉండే జల్లెడ అది. దాని నిండా గ్యాస్కెట్ గమ్ తునకలు అతుక్కుని ఉన్నాయి, సేమ్యా ముక్కల్లా. ఛాంబర్ బిగించేటప్పుడు అంచు వెంట సన్నగా ఒక్క గీత గమ్ పెడితే చాలు. లావుగా పూసి బిగిస్తే బయటికి వచ్చినంత గమ్మూ లోపలికి కూడా వస్తుంది. బయటికి వచ్చింది గుడ్డతో తుడిచేస్తారు, లోపలిది వేడి ఆయిల్లో ఊడి నేరుగా స్ట్రైనర్‌కి చేరుతుంది. జల్లెడ మూసుకుపోయే కొద్దీ పంపుకి ఆయిల్ అందదు. ఛాంబర్ నిండా ఆయిల్ ఉన్నా, డిప్ స్టిక్ మీద ఫుల్ చూపిస్తున్నా, పైన బేరింగులు ఎండుతూనే ఉంటాయి. "ఆయిల్ చూసుకోలేదు" అన్న మాటకి సమాధానం ఇదే. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలగలేదా అని కూడా అడిగారు. చాలా కార్లలో ఆ లైటు ఆయిల్ ప్రెజర్ అర బార్ (బార్ అంటే ప్రెజర్ కొలత) అటూఇటూకి పడిపోయాకే వెలుగుతుంది. స్పీడులో ఉన్నప్పుడు మూడు నాలుగు బార్లు ఉండాల్సిన చోట ఒక బారే ఉన్నా లైటు మాట్లాడదు, అది వెలిగేసరికి లోపల జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

2. దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది మెయిన్ బేరింగ్, అంటే ఇంజన్ బ్లాకులో (సిలిండర్లుండే ఇంజన్ మొండెంలో) క్రాంకు తిరిగేచోట ఉండేది. బ్లాకులోంచి క్రాంకుకి ఆయిల్ వచ్చే రంధ్రం ఒకటుంటుంది. పై బేరింగు చిప్పకి కూడా సరిగ్గా అక్కడే రంధ్రం ఉండాలి, రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. నా ఇంజన్లో ఒక చోట వేసిన చిప్ప ఈ మోడల్‌ది కాదు. సైజు దగ్గరగా ఉండటంతో కూర్చుంది, బోల్టులూ బిగిశాయి, కానీ రంధ్రం పక్కకి జరిగింది. చిప్ప తీసి వెనక్కి తిప్పి చూస్తే వీపు మీద బ్లాకు రంధ్రం అచ్చు పడి ఉంది. అందులో నెలవంకంత సందు మాత్రమే తెరిచి ఉంది, మిగతాదంతా ఇనుము మూసేసింది. అంత చిన్న సందులోంచి వచ్చిన ఆయిలే ఆ మెయిన్‌కి, దాని నుంచి పక్కనున్న కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ని క్రాంకుకి కలిపే రాడ్డు) బేరింగుకి సరిపోవాలి. ఆ రాడ్డు బేరింగు కరిగి, తన చోట్లో తనే గిర్రున తిరిగిపోయింది. అక్కడ క్రాంకు కాలి నీలం రంగుకి మారింది. ఇక ఆ క్రాంకు గ్రైండింగ్‌కి కూడా పనికిరాదని మేస్త్రి పక్కన పెట్టేశాడు. క్రాంకుని పైన కూర్చోబెట్టే ముందు బ్లాకు రంధ్రంలోకి సన్నటి పుల్ల పెట్టి చూసుంటే ఒక్క నిమిషంలో తెలిసిపోయేది.

3. క్రాంకు టెన్ సైజుకి గ్రైండింగ్ చేశామని డబ్బు తీసుకున్నారు, అంటే పావు మిల్లీమీటరు తగ్గించడం. క్రాంకు మీద బేరింగులు కూర్చునే గుండ్రటి భాగాలే జర్నల్స్. బాగున్న జర్నల్స్‌ని మైక్రోమీటర్ పెట్టి కొలిస్తే ఒకే జర్నల్ ఒక అంచున ఒక కొలత, రెండో అంచున ఇంకో కొలత. బేరింగుకీ క్రాంకుకీ మధ్య ఉండాల్సిన సందు చాలా కార్లకి 0.03 నుంచి 0.06 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే, కాస్త ఎక్కువే. అంత సన్నటి సందులో ఆయిల్ పొర నిలబడి, ఇనుము ఇనుముని తాకకుండా ఆపాలి. అక్కడ "చేత్తో తిప్పితే ఫ్రీగా తిరుగుతోంది కదా" అనేది కొలత కాదు.

4. హెడ్డు బోల్టులు. ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి ఈ బోల్టులు బిగించినప్పుడు కొద్దిగా సాగేలా తయారు చేస్తారు. ముందు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి) ఇంత అని బిగించి, ఆ తర్వాత డిగ్రీల లెక్కన తిప్పుతారు. ఒకసారి సాగినవి పొడవు కొలిచి చూడకుండా మళ్లీ వాడకూడదు, కొన్ని కంపెనీలైతే అసలు వాడొద్దనే చెబుతాయి. నాకు ఇచ్చిన చీటీలో కొత్త బోల్టులకి డబ్బు రాసి ఉంది. ఇంజన్లోంచి తీసినవి పాతవి, మెడ దగ్గర సన్నబడి ఉన్నాయి.

5. బోరింగ్ అయ్యాక బ్లాకుని సరిగ్గా కడగలేదు. ఆయిల్ గ్యాలరీ (బ్లాకు లోపల ఆయిల్ వెళ్లే దారి) ప్లగ్గు తీసి బ్రష్ తోస్తే హోనింగ్ రాయి (సిలిండర్ లోపల సానబట్టే రాయి) పొడి, ఇనప పొట్టు బూడిదరంగు ముద్దలా బయటికి వచ్చింది. ఆ ప్లగ్గు మీద పాత తుప్పు అలాగే ఉంది, అంటే పని చేసినప్పుడు దాన్ని ముట్టుకోనే లేదు.

ఈ ఐదో విషయం చిన్నదని అనుకునేవాళ్ల కోసం ఒక మాట. అమెరికాలో 2015 సెప్టెంబరులో హ్యుందాయ్ కంపెనీ దాదాపు 4.7 లక్షల సొనాటా కార్లని వెనక్కి పిలిచింది. కారణం, క్రాంకు తయారీలో మిగిలిన ఇనప పొట్టు పూర్తిగా పోకపోవడం, అది బేరింగులకి వెళ్లే ఆయిల్‌కి అడ్డం పడటం. తర్వాత ఆ రీకాల్స్ ఇంకా పెరిగాయి. ఆలస్యంగా స్పందించారని 2020 నవంబరులో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ హ్యుందాయ్, కియా రెండింటికీ కలిపి 21 కోట్ల డాలర్ల మేర జరిమానా ఖరారు చేసింది. అంత పెద్ద ఫ్యాక్టరీలోనే పొట్టు మిగిలితే ఇంజన్లు పోయాయి, మరి మన దగ్గర డీజిల్‌తో ఒకసారి కడిగి బిగించేస్తే ఏమవుతుంది? ఇంకోటి కూడా గమనించండి. అక్కడ అడిగేవాళ్లున్నారు. మన దేశంలో కూడా మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో కొత్త బండ్ల లోపాలకి కంపెనీతో రీకాల్ చేయించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. కానీ అదే ఇంజన్ని మొత్తం విప్పి, కోసి, మళ్లీ కట్టిన గ్యారేజీని అడిగే దిక్కు లేదు. ఇంజనే మార్చేస్తే ఆర్సీలో ఎక్కించాలి. అదే నంబరు బ్లాకులో లోపలి సామాను మొత్తం మార్చేస్తే ఎక్కడా ఒక్క ముక్క రాయనక్కర్లేదు. 8 ఏళ్లు దాటిన అద్దె బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయిస్తాం, బ్రేకులు చూస్తారు, లైట్లు చూస్తారు, పొగ చూస్తారు. ఇంజన్ లోపల ఎవరు ఏం చేశారన్నది ఆ పరీక్షలో తేలదు.

దీని వల్ల ఎవరికి ఏం జరుగుతోందో అధికారులు ఆలోచించాలి.

1. బండి ఆగితే సంపాదన ఆగుతుంది, ఫైనాన్స్ కిస్తీ ఆగదు. రెండు మూడు కిస్తీలు తప్పితే బండి ఎత్తుకుపోవడానికి మనుషులొస్తారు. ఇంజన్ రెండోసారి చేయించడానికి మళ్లీ వడ్డీకి తేవాలి, నూటికి మూడు, ఐదు. మొదటి అప్పు అలాగే ఉంటుంది. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, అమ్మానాన్నల మందులు అన్నీ ఆ బండి మీదే కదా. మా స్టాండులో ఇంజన్ పని తేడా వచ్చి బండి అమ్ముకుని, ఇప్పుడు వేరేవాళ్ల బండికి జీతానికి డ్రైవర్‌గా వెళ్తున్నవాళ్లున్నారు.

2. ప్రయాణికుల ప్రాణం. ఇది మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. ఇంజన్ పట్టేసిందంటే బండి ఆగిపోవడం ఒక్కటే కాదు. చాలా బండ్లలో స్టీరింగ్ బరువెక్కి తిప్పడం కష్టమవుతుంది. బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ ఒకటి రెండుసార్లు తొక్కేసరికి అయిపోతుంది, ఆ తర్వాత బ్రేకు పెడల్ రాయిలా ఉంటుంది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడో, అరకు మలుపుల్లోనో, వెనక సీట్లో పిల్లలతో కుటుంబం ఉన్నప్పుడో ఇలా జరిగితే? కనెక్టింగ్ రాడ్డు తెగి బ్లాకు పగలగొట్టుకుని బయటికొస్తే ఆ ఆయిలంతా రోడ్డు మీదే పడుతుంది, వెనక వచ్చే బైకువాడు దాని మీదే జారతాడు. మేం తీసుకెళ్లేది టూర్లకి వెళ్లేవాళ్లనే కాదు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లని, నొప్పులొచ్చిన ఆడవాళ్లని కూడా అర్ధరాత్రి తీసుకెళ్తాం.

3. మంచి మేస్త్రులకి అన్యాయం. మన దగ్గర పనితనం లేక కాదు ఇదంతా. విజయవాడ ఆటోనగర్ పేరు చెబితే ఇతర రాష్ట్రాల లారీ ఓనర్లకి కూడా తెలుసు. కొలిచి, కడిగి, రెండు రోజులు ఎక్కువ తీసుకుని పని చేసే మేస్త్రి ఎస్టిమేట్ పది పదిహేను వేలు ఎక్కువ చెబుతాడు. కొలవకుండా బిగించేవాడు తక్కువ చెబుతాడు. చేతిలో డబ్బు లేని డ్రైవరు తక్కువకే వెళ్తాడు, ఎందుకంటే రెండు పనులకీ తేడా చూపించే కాగితం ఏదీ అతని చేతికి రాదు. ఇలాగే సాగితే కొలిచేవాళ్లు ఒక్కొక్కరుగా షెడ్డు మూసేస్తారు.

4. షెడ్లలో పని నేర్చుకునే కుర్రాళ్లు కూడా ఇదే పద్ధతనుకుని నేర్చుకుంటున్నారు.

వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవలో లోపం ఉంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, రెండేళ్ల లోపు వెయ్యాలి, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, 1915కి ఫోన్ చేసి కూడా చెప్పుకోవచ్చు. తోటి డ్రైవర్లు ఇది గుర్తుపెట్టుకోండి. టాక్సీ అంటే వ్యాపారం, నువ్వు వినియోగదారుడివే కాదు అని షాపువాళ్లు భయపెడతారు, భయపడొద్దు. సొంతంగా నడుపుకుని దాని మీదే బతికేవాళ్ల వాడకాన్ని చట్టం వ్యాపారం కింద చూడదు. సుప్రీంకోర్టు కూడా 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో, తాను నడుపుకోవడానికి ఆటో కొనుక్కున్నవాడు వినియోగదారుడే అని ఉదాహరణగా చెప్పింది. చట్టం బాగానే ఉంది. చిక్కంతా రుజువు దగ్గరే. నా దగ్గరున్నది సంతకం లేని తెల్ల చీటీ. ఇంజన్ అలాగే పెడితే రుజువు ఉంటుంది కానీ ఇల్లు గడవదు, బాగు చేయించుకుంటే బండి తిరుగుతుంది కానీ రుజువు పోతుంది. విచారణ 3 నెలల్లో, సామాను ల్యాబ్ పరీక్షకి వెళ్తే 5 నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. అన్నాళ్లు విప్పిన బండి షెడ్డులో పెట్టుకుని కూర్చోగలిగిన టాక్సీ డ్రైవరు ఎవరున్నారు?

అందుకే ఈ డిమాండ్లు. ఏదీ కోట్లతో పని కాదు.

1. అన్నిటికంటే ముందు కావాల్సింది కొలతల కాగితం. ఇంజన్ పని చేసిన ప్రతి గ్యారేజీ, ప్రతి లేత్ వర్క్స్ ఒక పేజీ కాగితం ఇవ్వాలి. ఏ సిలిండర్ బోరు ఎంత, క్రాంకు జర్నల్ ఒక్కొక్కటీ ఎంత, బేరింగు సందు ఎంత వచ్చింది, రింగు గ్యాప్ ఎంత, హెడ్డు బోల్టులు ఎంత టార్క్‌కి బిగించారు, కొలిచింది ఎవరు, సంతకం. వినియోగదారుల వ్యవహారాల శాఖ తెలుగులో ఒక నమూనా ఫారం తయారుచేసి సంఘాల ద్వారా పంచితే చాలు. ఇది మెకానిక్ మీద అనుమానంతో అడుగుతున్నది కాదు. సరిగ్గా చేసిన మేస్త్రిని కూడా కాపాడేది ఈ కాగితమే, ఎందుకంటే కొన్నిసార్లు నిజంగానే డ్రైవరు ఆయిల్ లేకుండా తోలి ఇంజన్ పోగొట్టుకుంటాడు, అప్పుడు మేస్త్రి కూడా చేతిలో ఆధారం లేకుండానే మాట పడుతున్నాడు. కొలవాలంటే కొలిచే సామాను ఉండాలి, ఒక మంచి టార్క్ రెంచి, మైక్రోమీటర్, బోర్ గేజ్ లేకుండా ఇంజన్ పని ఒప్పుకోకూడదని సంఘాలే తీర్మానం చేసుకోవాలి.

2. బిల్లులో ప్రతి సామాను పేరు, కంపెనీ, పార్ట్ నంబరు ఉండాలి. ఖాళీ పెట్టెలు, తీసేసిన పాత సామాను బండి ఓనరుకి అప్పగించాలి. నా బోల్టుల సంగతి అలా ఇచ్చి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

3. ఫుల్ ఇంజన్ పనికి కనీసం ఆరు నెలలు లేదా 10,000 కిలోమీటర్లు, రాతపూర్వకంగా గ్యారెంటీ. "మన పనే అన్నా, ఏమీ కాదు" అనే నోటి మాట వద్దు.

4. గొడవ వస్తే విప్పి చూసేందుకు ఒక తటస్థమైన చోటు. ప్రతి జిల్లాలో ప్రభుత్వ ఐటీఐలో గానీ పాలిటెక్నిక్‌లో గానీ, ఇద్దరి సమక్షంలో ఇంజన్ విప్పి, ఫోటోలు తీసి, కొలతలు రాసి వారంలోగా రిపోర్టు ఇచ్చే ఏర్పాటు చేయండి. ఫీజు పెట్టండి, కడతాం, తప్పు తేలినవాళ్ల దగ్గర తర్వాత రాబట్టండి. ఆ రిపోర్టు కమిషన్‌లో చెల్లితే బండి బాగుచేయించుకుని మా పని మేం చేసుకుంటూ కేసు నడుపుకోగలం. మొదటి డిమాండ్ తర్వాత నాకు ముఖ్యమైనది ఇదే.

5. మేస్త్రులకి కంపెనీ మాన్యువల్స్ అందాలి. ఏ బోల్టు ఎంత బిగించాలో, ఏ సందు ఎంత ఉండాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం బయటి గ్యారేజీకి తేలిగ్గా దొరకదు. ఈ విషయం మీదే 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది, విడిభాగాలు, మరమ్మతు సమాచారం, పరికరాలు బయటివాళ్లకి కూడా అందుబాటులో ఉంచాలంది. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ పెట్టింది, అందులో వాహనాల రంగం కూడా ఉంది. మంచిదే. కానీ షెడ్డులో చేతులకి గ్రీజుతో పని చేసే మేస్త్రికి కావాల్సింది, ఎక్కువగా తిరిగే బండ్ల కొలతలు, టార్క్ లెక్కలు తెలుగులో గోడకి అంటించుకునే చార్టు. కంపెనీల నుంచి తెప్పించి అచ్చు వేయించి ఇవ్వండి.

6. షెడ్లలో ఏళ్లుగా పని చేస్తున్నవాళ్లకి ఐటీఐల్లో సాయంత్రం పూట కొలతల మీద శిక్షణ పెట్టండి. పగలు షెడ్డు మూసి రమ్మంటే ఎవరూ రారు, ఆ రోజు కూలి పోతుంది.

సంఘం పెద్దలకి ప్రత్యేకంగా ఒక మాట, అన్నా. మీరే ముందుకొచ్చి మొదటి మూడూ అమలు చేస్తే ప్రభుత్వం వైపు చూడాల్సిన పని కూడా అంతగా ఉండదు. కొలతల కాగితం ఇచ్చే గ్యారేజీల పేర్లు బోర్డు మీద రాయండి, మా స్టాండ్ల వాళ్లం అక్కడికే వస్తాం, పది వేలు ఎక్కువైనా వస్తాం.

ఈ లేఖతో పాటు విప్పినప్పటి ఫోటోలు, వీడియో, పెద్ద మేస్త్రి రాసిచ్చిన కొలతలు రెండు శాఖల జిల్లా కార్యాలయాలకూ సంఘానికీ పోస్టులో పంపుతున్నాను. స్ట్రైనర్, ఆ బేరింగు చిప్ప, హెడ్డు బోల్టులు నా దగ్గరే ఉన్నాయి, ఎవరు చూస్తామన్నా తీసుకొచ్చి చూపిస్తాను. నాలుగో డిమాండ్ మీద రెండు శాఖల్లో ఏది బాధ్యత తీసుకుంటుందో ముందు అది తేల్చి, రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు
ఒక టాక్సీ డ్రైవరు